జీవర్ నుంచి కేప్ కార్న్‌వాల్ దాకా: తగరపు గనులు, అట్లాంటిక్ ఒడ్డు, ఒక్క రోజు

ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్‌లో, పెండీన్ ఊరి నుంచి సెయింట్ జస్ట్ పక్కనున్న కేప్ కార్న్‌వాల్ వరకు సముద్రాన్ని ఆనుకొని సాగే నాలుగైదు మైళ్ళ మేర, మూతపడిన తగరపు గనులు, రాగి గనులు ఒకదాని వెంట ఒకటిగా ఉన్నాయి. కార్న్‌వాల్, పశ్చిమ డెవన్‌ల గనుల ప్రాంతాన్ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు గుర్తించిన పది భాగాలలో సెయింట్ జస్ట్ ప్రాంతం ఒకటి. ఈ తీరాన్ని ఒక్క రోజులో చూసి రావచ్చునా, చూస్తే ఏది ముందు, ఏది తరువాత, పెట్టిన ఖర్చుకూ నడిచిన నడకకూ తగిన ఫలితం ఉంటుందా అన్నవి ఈ సమీక్షలో చెప్పదలచుకున్న విషయాలు. ఫలితం ఉంటుంది, కాకపోతే పెండీన్‌లోని జీవర్ గనితో మొదలుపెడితేనే ఉంటుంది.

చాలామంది ఇందుకు తలకిందులుగా చేస్తారు. కార్న్‌వాల్ పేరు చెప్పగానే క్యాలెండర్ల మీద, బిస్కెట్ డబ్బాల మీద కనిపించే బొమ్మ బొటాలక్ గనిది. కొండచరియ అంచున, అలలకు కాస్త ఎగువన, పైకప్పు లేని రెండు రాతి ఇంజను గదులు. దాన్ని చూడాలన్న తొందరలో నేరుగా అక్కడికి పోయి, ఫొటోలు తీసుకొని, గాలి తట్టుకోలేక కారెక్కేస్తారు. మా స్నేహితులు వెళ్ళిన ఒక ప్యాకేజీ యాత్ర అచ్చంగా ఇలాగే సాగింది. బొటాలక్ దగ్గర వ్యాను ఆపి, తిరిగి ఎక్కించేలోపు గైడు చెప్పిందల్లా అక్కడ తీసిన టీవీ సీరియల్ గురించేనట. కింద మనుషులు ఏం చేశారో తెలియకుండా పైన మిగిలిన గోడలు చూస్తే అవి అందమైన శిథిలాలే తప్ప మరేమీ కావు. ఆ తెలియవలసిందంతా జీవర్‌లో ఉంది.

జీవర్ పేరుతో ఈ గని 1911 నుంచి 1990 వరకు పనిచేసింది. ఆ కాలంలో ఇక్కడి నుంచి సుమారు 50,000 టన్నుల నల్ల తగరం, అంటే రాయినంతా వేరుచేసి కొలిమికి పంపడానికి సిద్ధం చేసిన ఖనిజం, బయటికి వెళ్ళింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది తవ్వడం మొదలుపెట్టిన ప్రధాన షాఫ్టుకు, అంటే గనిలోకి దిగే బావికి, విక్టరీ అని పేరు పెట్టుకున్నారు. దాని మీది ఉక్కు చట్రం పెండీన్‌లో ఎక్కడ నిలబడినా కనిపిస్తుంది. గని మూతపడింది ఖనిజం అయిపోయి కాదు. తగరం ధర పడిపోకుండా సరుకు కొని నిల్వ చేస్తూ వచ్చిన అంతర్జాతీయ తగర మండలి 1985 అక్టోబరులో డబ్బు లేక చేతులెత్తేసింది. దాంతో ధర సగానికి పైగా పడిపోయింది. గని మరికొన్నేళ్ళు కొట్టుమిట్టాడి 1990 ఫిబ్రవరిలో ఆగిపోయింది. 1991లో పంపులు ఆపేయడంతో లోతట్టు సొరంగాలన్నీ నీట మునిగాయి. ఆ స్థలాన్ని కార్న్‌వాల్ కౌంటీ కౌన్సిల్ కొన్నది. 1993లో అది మ్యూజియమై తలుపులు తెరిచింది. ఇప్పుడు దాన్ని నడుపుతున్నది పెండీన్ ప్రజల సంస్థే.

నా దృష్టిలో జీవర్‌లో అన్నిటికన్నా విలువైన చోటు ‘డ్రై’. షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు తడి బట్టలు విప్పి, స్నానం చేసి, ఇంటి బట్టలు తొడుక్కొనే గది అది. మ్యూజియం వాళ్ళు దాన్ని సర్ది, రంగులు వేసి, అద్దాల పెట్టెల్లో పెట్టి చూపించలేదు. చివరి రోజు ఎలా ఉందో అలాగే వదిలేశారు. ఎర్రటి బురద ఇంకిన ఓవరాల్స్ కొక్కేలకు వేలాడుతున్నాయి. లాకర్ల తలుపుల మీద అప్పట్లో అంటించిన స్టిక్కర్లు వెలిసిపోయి, అంచులు లేచి ఉన్నాయి. కింద బూట్లు ఉన్నాయి, జత కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. ఈ ఎరుపు ఇనుము వల్ల వచ్చినది. గోడలకూ బట్టలకూ గని దారులకూ అన్నిటికీ అదే రంగు. ఇక్కడ చదవడానికి బోర్డులు తక్కువ. అదే మంచిదనిపించింది. పక్కనున్న భవనంలోని ప్రదర్శనశాలలో చదవవలసింది కావలసినంత ఉంది, భూమి లోపలి సొరంగాలన్నీ ఏ వైపు ఎంత దూరం పోయాయో చూపే నమూనా కూడా ఉంది. ఆ నమూనా దగ్గర కాసేపు నిలబడాలి. ఒడ్డు గీత ఎక్కడుందో చూసుకొని, దానికి అవతల ఎన్ని సొరంగాలున్నాయో గమనిస్తే, గనిలో పెద్ద భాగం నేల కింద కాదు, సముద్రం కింద ఉందని అర్థమవుతుంది. ఇక్కడి ఖనిజ సిరలు తీరానికి అడ్డంగా, వాయవ్య దిశగా సముద్రంలోకి సాగుతాయి. వాటి వెంబడే మనుషులు దాదాపు మైలు దూరం వరకు తవ్వుకుంటూ పోయారు.

తరువాతది మిల్లు. కొండ వాలు మీద మెట్లుమెట్లుగా దిగే పెద్ద షెడ్డు అది. పై అంతస్తులో రాయి పడితే కిందికి దిగేకొద్దీ నలిగి, పొడిగా మారి, చివరికి తగరం వేరుపడాలి. యంత్రాలు ఆగిపోయిన షెడ్డులో నడుస్తుంటే ఏది దేనికోసమో మొదట పట్టుబడదు. అందుకని షేకింగ్ టేబుల్ ఒకటి నడిపి చూపించే వేళ తెలుసుకొని అప్పుడే మిల్లుకు వెళ్ళడం మేలు. ఏటవాలుగా పెట్టిన వెడల్పాటి బల్ల, దాని మీద నిలువునా సన్నటి గాడులు, పై అంచు నుంచి పలచగా పారే నీరు. రాతిపొడి కలిసిన నీటిని ఒక మూల నుంచి వదిలి, బల్లను ఒక పక్కకు టకటకా కుదుపుతారు. తగరపు ఖనిజం మామూలు ఇసుక కన్నా రెండున్నర రెట్లు బరువు. చేటలో బియ్యం చెరుగుతుంటే రాళ్ళొకవైపు, తవుడొకవైపు పోయినట్లే, తేలికైన ఇసుక నీటితో పాటు కిందికి జారిపోతుంది, బరువైన ఖనిజం గాడుల వెంట బల్ల చివరకు నడుస్తుంది. చివర్లో మిగిలేది ముదురు గోధుమరంగు సన్నని గీత ఒక్కటే. అది వేలి వెడల్పు కూడా ఉండదు. అన్ని అంతస్తుల ఇనుము, అంత కరెంటు, అంతమంది శ్రమ ఆ గీత కోసమే అని తెలిశాక, డ్రైలో చూసిన ఓవరాల్స్ మళ్ళీ ఒకసారి గుర్తుకొస్తాయి.

భూమి లోపలికి దిగడం గురించి ఒక హెచ్చరిక అవసరం. గని లిఫ్టు, అంటే కేజ్ ఎక్కి వందల అడుగుల లోతుకు పోతామని ఆశ పెట్టుకోవద్దు. ఆ లోతంతా ఇప్పుడు నీరే. సందర్శకులను తీసుకెళ్ళేది వీల్ మెక్సికో అనే 18వ శతాబ్దపు గనిలోకి. ఒడ్డుకు దగ్గరలో కొండలోకి అడ్డంగా పోయే ఇరుకు దారులవి. తలకు హెల్మెట్ ఇస్తారు, అది అలంకారానికి కాదు. కాస్త ఎత్తున్న మనిషికి అది పైకప్పుకు పదేపదే తగులుతూనే ఉంటుంది. మోకాళ్ళు వంచి, ఒక భుజం ముందుకు పెట్టి పక్కగా నడవవలసిన చోట్లున్నాయి. పై నుంచి నీటి చుక్కలు, కాళ్ళ కింద ఎర్రటి బురద. తవ్విన వెడల్పు ఎక్కడా మనిషి సౌకర్యాన్ని బట్టి లేదు, ఖనిజ సిర ఎంత వెడల్పుంటే అంతే తవ్వారు. పనికిరాని రాయిని పగలగొట్టినందుకు ఎవరూ కూలి ఇవ్వరు కదా. కొవ్వొత్తి వెలుగులో, చేతి సుత్తితో, ఉలితో ఇదంతా చేశారని అక్కడ నిలబడి వింటే నమ్మక తప్పదు. ఈ భాగం త్వరగానే ముగుస్తుంది. అయినా మోకాళ్ళ నొప్పులున్నవారు, ఇరుకు చోట్ల ఊపిరాడదని భయపడేవారు దీన్ని వదిలేసి మిల్లు దగ్గర ఎక్కువసేపు గడపడమే మంచిది.

మనవాళ్ళకు ఇక్కడ మరో లంకె ఉంది. కార్న్‌వాల్, డెవన్ గనుల నిర్వహణలో పేరు తెచ్చుకున్న జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థే 1880లో కోలార్ బంగారు గనుల పని చేపట్టింది. కార్న్‌వాల్‌లో తగరం, రాగి ధరలు పడిపోయి గనులు వరసగా మూతపడుతున్న రోజులవి. పని పోయిన కుటుంబాలు ఆస్ట్రేలియాకు, అమెరికాకు, దక్షిణాఫ్రికాకు తరలిపోయాయి, కొందరు గని మేస్త్రీలు, ఇంజనీర్లు కోలార్‌కు వచ్చారు. వారి అజమాయిషీ కింద లోపలికి దిగినవారిలో ఉత్తర ఆర్కాటు తమిళులతో పాటు చిత్తూరు సీమ తెలుగువాళ్ళూ ఉన్నారు. కుప్పం వైపు వాళ్ళకు కోలార్ గని కథలు కొత్త కావు. ఇక తగరం అంటారా, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు వీధిలోకి వచ్చిన రోజులు ఎరిగినవారికి దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

జీవర్ నుంచి ఒడ్డు వెంట నడిస్తే పది పదిహేను నిమిషాల్లో లెవాంట్ గని వస్తుంది. దీన్ని వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటోంది. పెద్ద దూలాన్ని ఊపుతూ పనిచేసే ఇక్కడి ఆవిరి ఇంజనును (బీమ్ ఇంజను) 1840లో కార్న్‌వాల్‌లోనే ఉన్న హేల్ ఊరి హార్వీ కర్మాగారంలో తయారు చేశారు. గని 1930లో మూతపడ్డాక దాన్ని తుక్కు కింద అమ్మేయబోతే, అడ్డుపడి కాపాడటానికి 1935లో కొందరు కమిటీగా ఏర్పడ్డారు. ఆ తరువాత చాలా దశాబ్దాలకు స్వచ్ఛంద కార్యకర్తలు తుప్పు వదలగొట్టి, భాగాలు బాగుచేసి, 1990లలో మళ్ళీ కదిలేటట్లు చేశారు. ఇంజను నడిపే రోజులు, వేళలు ముందుగా చూసుకొని వెళ్ళాలి. ఆగి ఉన్న ఇంజను చూడటానికీ కదిలే ఇంజను చూడటానికీ చాలా తేడా ఉంది.

అయితే లెవాంట్‌లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ ఇంజను కాదు, ‘మ్యాన్ ఇంజను’ షాఫ్టు. వందల అడుగుల నిచ్చెనలు ఎక్కి దిగే బాధ తప్పించడానికి 19వ శతాబ్దంలో కనిపెట్టిన ఏర్పాటు అది. షాఫ్టు పొడవునా ఒక దూలపు కడ్డీ వేలాడుతుంది, ఇంజను దాన్ని 12 అడుగులు పైకి, 12 అడుగులు కిందికి ఆడిస్తూ ఉంటుంది. కడ్డీకి అంచెలంచెలుగా చిన్న చిన్న అడుగుపీటలు, షాఫ్టు గోడకు అదే దూరంలో మరికొన్ని పీటలు. కడ్డీ పైకి లేచినప్పుడు దాని మీద నిలబడి, అది ఆగిన క్షణంలో గోడ పీట మీదికి మారి, అది కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు ఎదురుగా వచ్చిన దాని పై పీట మీద కాలు పెట్టాలి. ఇలా చీకట్లో, అలసిపోయిన ఒంటితో, షిఫ్టు దిగిన ప్రతి రోజూ. 1919 అక్టోబరు 20న, వందకు పైగా కార్మికులు పైకి వస్తున్న వేళ, కడ్డీని పైనున్న దూలానికి పట్టి ఉంచిన ఇనుప బిగింపు విరిగింది. 31 మంది చనిపోయారు. అంత చిన్న ఊళ్ళకు అదెంత పెద్ద దెబ్బో సెయింట్ జస్ట్‌లో ఇప్పటికీ తెలుస్తుంది. మెలికల మెట్లు దిగి, కార్మికులు స్నానాల గది నుంచి షాఫ్టుకు నడిచిన సొరంగం గుండా ఆ అంచు దాకా వెళ్ళవచ్చు. కిందికి చూడటానికి చీకటి తప్ప ఏమీ లేదు. అయినా ఇక్కడికి వచ్చి ఆ మెట్లు దిగకుండా పోవద్దు.

లెవాంట్ నుంచి బొటాలక్ దాకా నడక ఈ రోజులో మంచి భాగం. 630 మైళ్ళ సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్‌లో ఇదొక ముక్క. ఎడమవైపు రాతి కంచెల చిన్న పొలాలు, కుడివైపు కొండచరియలు, వాటి కింద ఎప్పుడూ తెల్లగా మరిగే నీరు. కొన్ని చోట్ల రాయి మీదుగా పచ్చని చారలు దిగి ఉంటాయి. అది నాచు కాదు, రాగి. దారి పక్కన గోడ కట్టి మూసిన పాత షాఫ్టులు అడుగడుగునా కనిపిస్తాయి. పిల్లల చెయ్యి వదలకూడదు, గోడ ఎక్కి తొంగిచూడకూడదు అని వేరే చెప్పనవసరం లేదనుకుంటాను, కానీ చెబుతున్నాను. ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళతో నల్లటి చఫ్ పక్షులు ఈ వైపు తిరుగుతుంటాయి. కార్న్‌వాల్ కౌన్సిల్ చిహ్నం మీద గని కార్మికుడు, జాలరి, ఈ పక్షి ముగ్గురూ ఉంటారు. ఈ పక్షులు చాలా కాలం కనిపించకుండాపోయి, 2001 నుంచి మళ్ళీ కార్న్‌వాల్‌లో స్థిరపడ్డాయి.

ఈ దారిన వచ్చి చూస్తే బొటాలక్ ఇంజను గదులు బొమ్మలా కనిపించవు. కింది గది 1835 నాటిది, నీళ్ళు తోడే ఇంజను కోసం. పైది 1862 నాటిది, సముద్రం కిందికి ఏటవాలుగా తవ్విన షాఫ్టు నుంచి ఖనిజం లాగే ఇంజను కోసం. ఆ ఇంజను భాగాలను ఈ కొండ అంచు మీదుగా కిందికి దించిన మనుషులను తలచుకుంటే, పై నుంచి ఉత్త చేతులతో దిగడానికే జంకుతున్న మనం కాస్త సిగ్గుపడతాం. 1863లో ఆ ఏటవాలు షాఫ్టులో బండిని లాగే గొలుసు తెగి ఎనిమిది మంది మగవాళ్ళు, ఒక కుర్రవాడు చనిపోయారు. రెండేళ్ళ తరువాత అదే దారిన వేల్స్ యువరాజు, యువరాణి కిందికి దిగి చూసి వచ్చారు, దాంతో బొటాలక్‌కు చూడటానికి వచ్చేవాళ్ళ తాకిడి పెరిగింది. తుపాను రోజుల్లో తలపైన సముద్రపు అడుగున బండరాళ్ళు దొర్లే చప్పుడు లోపల పనిచేసేవాళ్ళకు వినిపించేదని ఆనాటి రాతల్లో ఉంది. ఈ ఒడ్డున నిలబడి ఆ అలలను చూశాక అది అతిశయోక్తి అనిపించదు. లెవాంట్‌లో ఒకచోట సముద్రం నిజంగానే పైకప్పు చీల్చుకొని లోపలికి వచ్చింది. 1960లలో జీవర్ కంపెనీ ఆ పాత సొరంగాలు మళ్ళీ తెరవడానికి సముద్రం అడుగున ఆ కంతను పూడ్చవలసి వచ్చింది.

ఫొటోలు తీసుకున్నవారంతా వెనక్కి తిరిగే చోట ఇంకొక్క వంద గజాలు నడిస్తే ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని వేరుచేసిన పొయ్యి, దాని మలుపుల గదులు ఉన్నాయి. వీటి దగ్గర ఎవరూ ఆగరు, నాకైతే అదే పెద్ద లోటుగా తోచింది. తగరపు ఖనిజంతో కలిసి వచ్చే ఆర్సెనిక్‌ను వేయించి, ఆ పొగను మెలికలు తిరిగే రాతి గదుల గుండా పంపేవారు. చల్లారిన పొగ గోడలకు తెల్లటి పొడిగా పేరుకునేది. దాన్ని గీకి తీయడానికి మనుషులు లోపలికి దిగేవారు, ఒంటికి బంకమట్టి పూసుకొని, ముక్కు రంధ్రాల్లో దూది కుక్కుకొని. అందులో చాలా భాగం పురుగుమందుల తయారీకి, అమెరికా పత్తి చేల దాకా పోయింది. గని బయట ఖనిజాన్ని సుత్తులతో కొట్టి ఏరే పని ఆడవాళ్ళది, ఆడపిల్లలది. వారిని బాల్ మెయిడెన్స్ అనేవారు. ఎండకూ రాతిముక్కలకూ అడ్డంగా ముఖం చుట్టూ గుడ్డటోపీ కట్టుకొనేవారు. ఇంజన్ల గురించి ఈ దారి పొడవునా దొరికేంత సమాచారం వీరి గురించి దొరకదు. వెళ్ళేముందే కాస్త చదువుకొని వెళ్ళాలి.

ఓపిక మిగిలితే అక్కడి నుంచి కెనిడ్జాక్ లోయ దాటి కేప్ కార్న్‌వాల్ చేరవచ్చు. ముక్కులా పొడుచుకొచ్చిన గుట్ట మీద 1864 నాటి గని పొగగొట్టం ఒక్కటే నిలిచి ఉంది, అవతల బ్రిసన్స్ అనే జంట బండలు. సూర్యాస్తమయానికి బాగుంటుందని అందరూ చెబుతారు, బాగానే ఉంటుంది. మేఘం పట్టిన రోజున మాత్రం ఈ చివరి భాగం మానేసి, బొటాలక్ నుంచే సెయింట్ జస్ట్‌కు మళ్ళడంలో నష్టమేమీ లేదు.

తిండి విషయం. ఈ సీమ తిండి పేస్టీ, అంటే పిండి మడతలో కూర పెట్టి కాల్చినది. అసలైన కార్నిష్ పేస్టీలో గొడ్డుమాంసం, బంగాళాదుంప, ఉల్లి, స్వీడ్ దుంప ఉంటాయి. మాంసం తిననివారికి చీజు, ఉల్లిపాయ వేసినది సెయింట్ జస్ట్‌లో దొరుకుతుంది. మిరియాల పొడి ఘాటు తప్ప కారమన్నది ఉండదు కాబట్టి సంచిలో ఆవకాయ సీసా ఉంటే తప్పు పట్టను. అంచు మడతను ఆర్సెనిక్ అంటిన చేత్తో పట్టుకొని తిని, ఆ ముక్క పారేసేవారన్న కథ ప్రతి కొట్టులోనూ వినిపిస్తుంది. పాత ఫొటోల్లో కార్మికులు పేస్టీని గుడ్డసంచితో పట్టుకొని చివరిదాకా తింటూ కనిపిస్తారు కనుక దాన్ని కథగానే వినండి.

లండన్ పాడింగ్టన్ నుంచి పెన్‌జాన్స్‌కు రైల్లో అయిదు గంటలకు పైగా పడుతుంది, కాబట్టి ముందు రాత్రి పెన్‌జాన్స్‌లో ఉండక తప్పదు. రాత్రి బండిలో నిద్రపోతూ వచ్చి పొద్దున దిగే వీలు కూడా ఉంది. పెన్‌జాన్స్ నుంచి ఈ ఒడ్డుకు బస్సులున్నాయి. చలికాలంలో వాటి సంఖ్య తగ్గిపోతుంది. జీవర్ కూడా వారంలో అన్ని రోజులూ తెరిచి ఉండదు. రెండూ కలిసొచ్చే రోజు ఎంచుకోవాలి. జీవర్‌కు టికెట్ ఉంది, లెవాంట్‌లో నేషనల్ ట్రస్ట్ సభ్యులకు ఉచితం, బొటాలక్, కేప్ కార్న్‌వాల్ చూడటానికి డబ్బు కట్టనవసరం లేదు, కారు నిలిపినందుకు మాత్రం కట్టాలి. జీవర్‌కు కనీసం మూడు గంటలు కేటాయించండి. గొడుగు దండగ, ఆ గాలికి అది తిరగబడుతుంది. టోపీ ఉన్న వాన కోటు, పట్టు జారని బూట్లు ఉంటే చాలు.